గవ్వలచెక్క



ఇంట పెండ్లి నిశ్చయమైనంతనే పెద్దలమైన మనము అరుగుమీద కూర్చుండి లగ్నమును గూర్చియు, పందిరిని గూర్చియు, పిలుపులను గూర్చియు మాటలాడుకొందుము. లోపల వంటింట జరుగు పనియందు మనకు శ్రద్ధ తక్కువ. నేడు నేను ఆ పనిలో ఒక చిన్నదానిని, అనగా గవ్వలు చేయుటను గూర్చి మీతో ముచ్చటింప దలచితిని. ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణమును కావ్యములను బోధించినవాడు పిండివంటలను గూర్చి ప్రసంగించుటేమి యని మీరు నవ్వవచ్చును. నేను చేసిన యొక తప్పిదము నన్నీ విషయమునకు తెచ్చినది. దానిని ముందుగా చెప్పుకొందును.

మా పెద్దకుమార్తె వివాహమునకు సారెకై గవ్వలు చేయుచుండిరి. అయిదు కిలోల పిండి. చెక్కలు రెండే. నలుగురు స్త్రీలు ప్రాతఃకాలమునుండి కూర్చుండియు మధ్యాహ్నమునకు సగము పిండియైన పూర్తి కాలేదు. భోజనమునకు ఆలస్యమగుచున్నదని నాకు విసుగు పుట్టెను. నేను వంటింటి గడపయొద్ద నిలిచి, “ఈ గీతలును వంపులును ఎవరికొఱకు? కడుపులోనికి పోయిన పిమ్మట గవ్వ యేమి, గులకరాయి యేమి? ఉండలుగా చేసి వేయించివేయుడు” అంటిని. మా యింటిది మాఱు పలుకలేదు. మిగిలిన పిండినంతయు ఉండలు చేసి నూనెలో వేసెను.

ఆ యుండలు పైన ఎఱ్ఱగా వేగినవి. లోపల పచ్చిగా నుండెను. పాకము వాని నున్నని పైభాగమున నిలువక జాఱి పాత్ర యడుగున చేరెను. రెండునాళ్లకు పైపొర గట్టిపడి, లోన సాగుచు, అవి దంతములకు లొంగవయ్యెను. వియ్యాలవారింట సారె పంచునపుడు అందఱును గవ్వలను తీసికొని ఉండలను పళ్లెరముననే విడిచిరని తరువాత తెలిసెను. నన్నెవరును నిందింపలేదు. నింద మా యింటి స్త్రీల చేతిపనికి వచ్చినది. అది నన్ను నేటికిని బాధించుచున్నది.

రెండవ కుమార్తె పెండ్లినాటికి నేనే పీట వేసికొని మా యింటిదాని యెదుట శిష్యుడనై కూర్చుంటిని. ఆమె మొదట నవ్వెను, పిమ్మట నేర్పెను. నేను చేసిన మొదటి గవ్వను చూచి అయిదేండ్ల మనుమరాలు, “తాతయ్యా, ఇది గవ్వ కాదు, నత్తగుల్ల” యనెను.

ఆనాడు నేను నేర్చిన పాఠమిది. కిలో గోధుమపిండికి సుమారు 100 గ్రాముల నేయి కాచి పోసి, చిటికెడు ఉప్పు చేర్చి, నేయి పిండికంతటికిని పట్టునట్లు అఱచేతులతో రుద్దవలెను. ఆ పిండిని పిడికిట పట్టి విడిచినపుడు ముద్దగా నిలిచినచో నేయి చాలినదని గుర్తు. గోధుమలో జిగురు కలదు. నీరు తగిలి, చేయి పడినకొలది అది తీగలుగా అల్లుకొనును. రొట్టెకు ఆ జిగురే బలము. గవ్వకు అదియే దోషము. నేయి పిండిరేణువులను ముందుగా కప్పుటచే ఆ తీగలు పొడవుగా సాగలేవు. కావుననే గవ్వ గుల్లగా విఱుగును. నేయి మితిమీఱినచో గవ్వ నూనెలో విడిపోవును. పిమ్మట నీటిని కొంచెము కొంచెముగా చల్లుచు గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట యుంచవలెను. నానిన పిండి చెక్కమీద చిట్లదు.

అటుపిమ్మట రేగుపండుకంటె చిన్నదగు ఉండను గీతల చెక్కపై నుంచి, బొటనవ్రేలితో నొక్కుచు ముందుకు త్రోయవలెను. పిండి పలుచనై, తనంత తాను చుట్టుకొని, వెలుపల గీతలతో, లోపల బోలుగా గవ్వయై దిగును. చెక్క లేనివారు క్రొత్త దువ్వెనమీదనైనను ఒత్తుదురు.

ఇప్పుడు నా తప్పెచ్చట నున్నదో చూడుడు. ఉండ నడుమ పిండి దట్టముగా నుండును. వేడి అచ్చటికి చేరులోపల పైభాగము మాడును. గవ్వయందు ఎచ్చటను అంత మందము లేదు. బోలుగా నుండుటచే నూనె లోపలివైపునకును పోవును. ఇక పాకము ఆ గీతల సందులలో నిలుచును. నేను వృథాయని తలచిన గీతలే ఆ వంటకమునకు ప్రాణము.

వేయించునపుడు మంట మధ్యమముగా నుండవలెను. చిటికెడు పిండి వేసినచో మెల్లగా తేలిరావలెను. తొందరపడి మంట పెంచినచో రంగు వచ్చును గాని లోపలి తడి పోదు. ఆ తడియే మఱునాటికి గవ్వను మెత్తబఱచును. కిలో పిండికి ముప్పాతిక కిలో బెల్లము చాలును. పాకపు చుక్కను చన్నీట వేసినపుడు గట్టిగా ఉండకట్టవలెను. ఏలకులపొడి చల్లి, గవ్వలు పోసి, చల్లాఱువఱకు కలుపుచున్నచో అవి యొకదానికొకటి అంటుకొనవు.

ఈ న్యాయము గవ్వలకే కాదు. కజ్జికాయ యంచున వేయు జడవంటి మడతను చూడుడు. ఆ యంచు విడినచో లోపలి కొబ్బరియు బెల్లమును నూనెలో పడి మాడును. ఆ వాయయే కాక తరువాతి వాయలును చెడును. తాపేశ్వరము మడతకాజాయందు పొరలు విడివిడిగా నుండుటచేతనే పాకము పొరపొరకును చేరుచున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే జీవమని నిర్ణయించెను. అలంకారము తగినచోట నుండి తగినపని చేసిననే అలంకారమని విద్యార్థులకు బోధించినవాడనే, నా వంటింట నున్న ఔచిత్యమును గుర్తింపజాలనైతిని.

నాటి నత్తగుల్లమాట పలికిన బాలిక యిప్పుడు పట్టణమున చదువుచున్నది. మొన్నటి వేసవిలో పిల్లలందఱును మాయింట చేరినపుడు ఆమె పిజ్జాకు వాడునట్టి పులియబెట్టిన పిండిని కలిపి, తీగలుగా సాగదీసి, ముడులు వేసి, కొన్నిటిని జడలుగా అల్లి, పొంగుటకు ఎడము విడిచి పళ్లెరమున పేర్చి, కాల్చి, వెన్నయు వెల్లుల్లియు పూసి అందఱకు పెట్టెను. నా యీడువారొకరు, “ఈ సోకు లెందుల”కనిరి. నా పాతమాటయే నాకు వినబడినట్లయ్యెను. నేను ఆ పిల్లను అడిగితిని: “అమ్మా, ముడి యెందులకు?” “తుంచుకొనుట సులభము, తాతయ్యా; వెన్న మడతలలో నిలుచును” అని ఆమె బదులు చెప్పెను. మా యింటిది నావంక చూచి నవ్వెను.

పిజ్జా పుట్టినిల్లు ఇటలీ దేశపు నేపుల్స్ నగరము. అచ్చటివారు పిజ్జాపిండిని చేతులతో సాగదీసి త్రిప్పు నేర్పును 2017వ సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వసంపదలలో చేర్చినది. ఆ దేశముననే ‘న్యోక్కి’ యను వంటకము కలదు. ఉడికిన బంగాళాదుంపలను పిండితో కలిపి చిన్న ముక్కలు చేసి, గీతలుగల చిన్నచెక్కపై బొటనవ్రేలితో దొర్లించి నీట ఉడికింతురు. ఆ గీతలలో పులుసు నిలుచును. ఆ చెక్క మన గవ్వలచెక్కకు తోబుట్టు వనదగియున్నది. వారు తమ చేతి నేర్పును విద్యయని చాటుకొనిరి. మనము మన గవ్వను ఆలస్యమునకు కారణ మంటిమి.

అట్లని పనియంతయు మరల స్త్రీల తలపైననే మోపి, మన పూర్వాచారమును కాపాడుడని ఉపదేశించుట నాకు సమ్మతము కాదు. నడుము వంగునట్లు నలుగురే కూర్చుండుటచేత గదా ఆనాడు ఆలస్యమైనది! అంగడి గవ్వలు కొనుట తప్పని యనను. తీఱిక లేనివారి కది యుపాయమే. కాని బంధువులు పదిమంది చేరిననాడు పది చేతులు ఊరకయుండుట మాత్రము తగదు. పిండి కలుపుటకును మూకుడు చూచుటకును నేర్పరులు వలయును. చెక్కమీద ఒత్తుటకు బొటనవ్రేలు చాలును. పెద్దలమైన మనము ముందు కూర్చున్నచో మగపిల్లలును కూర్చుందురు.

మా మనుమరాలు ఊరికి పోవునాడు అటకమీదినుండి ఆ రెండు చెక్కలను నాచేత దింపించినది. ఒకటి తానే తీసికొనిపోయినది. రెండవదానిని నేను కడిగి, తుడిచి, వంటింట చేతికందు చోట నుంచితిని. మాయింట మరల శుభకార్యము వచ్చినపుడు నేను అరుగుమీద నుండను. గడపయొద్ద నిలువను. లోపల పీటమీద నుందును. నా గవ్వలు నేటికిని నత్తగుల్లలవలెనే యుండునేమో. అవి లోపలివఱకు వేగినచో చాలును.