తొమ్మిదేళ్ళకు అందిన వెండి పతకం
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను వక్తను కాను. బ్యాంకులో గుమాస్తాగా లెడ్జర్లు రాసి రిటైరయినవాణ్ణి. ఈసారి దరఖాస్తులు సరిచూస్తుంటే ఆటల సర్టిఫికెట్లు చాలా కనబడ్డాయి. సంతోషమే. అందుకే డోపింగ్ గురించి, అంటే పోటీలో గెలవడానికి నిషేధించిన మందులు వాడడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

2000 సిడ్నీ ఒలింపిక్స్ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చింది అక్కడే. అదే పోటీల్లో అమెరికా పరుగుల రాణి మేరియన్ జోన్స్ మూడు స్వర్ణాలు, రెండు కాంస్యాలు గెలిచింది. 200 మీటర్ల పరుగులో ఆమె మొదట వచ్చింది. బహామాస్‌కు చెందిన పాలీన్ డేవిస్ థామ్సన్ రెండవ స్థానం, మన పక్కనున్న శ్రీలంక అమ్మాయి సుశాంతిక జయసింఘె మూడవ స్థానం. శ్రీలంకకు 1948 తర్వాత దక్కిన మొదటి ఒలింపిక్ పతకం అది.

2003లో ఒక కోచ్ అమెరికా డోపింగ్ నిరోధక సంస్థకు ఒక సిరంజి పంపించాడు. అందులో ఉన్నది అప్పటి పరీక్షలకు దొరకని స్టెరాయిడ్. లాస్ ఏంజెలెస్ ప్రయోగశాలలో దాని గుట్టు బయటపెట్టారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. జోన్స్ మొదట బుకాయించి, 2007లో కోర్టులో ఒప్పుకుంది. కోచ్ అవిసె నూనె అని చెప్పి ఇచ్చాడనీ, అసలు సంగతి తర్వాతే తెలిసిందనీ ఆమె వాదన. మందుల గురించీ, ఒక దొంగ చెక్కుల వ్యవహారం గురించీ దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పినందుకు 2008లో ఆరు నెలల జైలుశిక్ష పడింది. (చెక్కుల మాట చదివాక నాకు ఆ కేసు మీద ఆసక్తి ఇంకా పెరిగింది లెండి.)

2009 డిసెంబరులో ఒలింపిక్ కమిటీ లెక్క సరిచేసింది. పాలీన్‌కు స్వర్ణం, సుశాంతికకు రజతం. 100 మీటర్ల స్వర్ణం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రెండవ స్థానంలో ఉన్న గ్రీసు క్రీడాకారిణి 2004లో డోపింగ్ పరీక్షకు హాజరు కాకపోవడమే కారణం. ఆ గడి నేటికీ ఖాళీ.

బ్యాంకులో తప్పు ఎంట్రీ పడితే రివర్స్ చేస్తాం, సాయంత్రానికి లెక్క కుదురుతుంది. సిడ్నీలో వేదిక మీద నిలబడి పాలీన్ తన జాతీయగీతం వినవలసిన ఆ సాయంత్రాన్ని ఏ ఎంట్రీతో రివర్స్ చేస్తారు?

ఇక మా ఇంటి సంగతి. మా రెండోవాడు ప్లస్ టూలో బాగా పరిగెత్తేవాడు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని నాకు ఆశ. ఒక జిమ్ శిక్షకుడు పొడి డబ్బా, లేబుల్ లేని మాత్రలు ఇచ్చాడు. వోచరు లేకుండా పది రూపాయలు కదలనివ్వని నేను నెలనెలా డబ్బిచ్చాను, బిల్లు అడగలేదు. మూడు నెలల్లో వాడి మొహం నిండా మొటిమలు, మాటకు ముందు కోపం. వాళ్ళమ్మే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆ మాత్రల్లో ఏముందని డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు. స్టెరాయిడ్లయితే కాలేయం, గుండె దెబ్బతింటాయనీ, పెరిగే వయసులో ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోవచ్చనీ ఆయన చెబుతుంటే నా కాళ్ళు వణికాయి. మాత్రలు మాన్పించాం. ఆ ఏడు వాడు అయిదోవాడిగా వచ్చాడు, సీటు రాలేదు. "అడిగి ఉండాల్సింది కదా నాన్నా" అన్నాడు ఒక్కసారే.

పిల్లలూ, ఒంట్లో నిషిద్ధ మందు దొరికితే బాధ్యత క్రీడాకారుడిదే. తెలియక మింగానంటే శిక్ష తగ్గవచ్చునేమో గాని పతకం నిలవదు. నిషేధిత మందుల జాబితా ఏటా జనవరి 1 నుంచి కొత్తది అమలవుతుంది. మన దేశంలో 'నాడా' సంస్థ దగ్గర అది దొరుకుతుంది, ఒక ప్రతి నా సంచిలో ఉంది. భోజనాలయ్యాక వెనక వరసలో కూర్చుంటాను. మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే దాని మీది పేర్లు రాసుకుని రండి, కలిసి చూద్దాం.