ఉదజని శుద్ధి – లోహముల వివేకము

(పఠనమందిరమున జరిగిన యుపన్యాస పాఠము)

 

ఉదజని, అనగా హైడ్రోజను, రాబోవు కాలపు ఇంధనమని పత్రికలలో తరచుగా చదువుచున్నాము. 2023 జనవరిలో భారత ప్రభుత్వము జాతీయ హరిత హైడ్రోజను పథకమునకు అంగీకారమిచ్చి, 19,744 కోట్ల రూపాయలు కేటాయించినది. 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నులు తయారుచేయవలెనని దాని లక్ష్యము. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే దిల్లీ వీథులలో హైడ్రోజను బస్సు నడచినది. 2025 జనవరిలో మన విశాఖపట్టణ సమీపమున పూడిమడకయందు నెలకొననున్న హరిత హైడ్రోజను కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది.

నేను న్యాయవాదిని, రసాయనశాస్త్రమును కళాశాలలో కొంత చదివితినేగాని అందు పండితుడను గాను. అయినను ఇన్ని కోట్లు, ఇన్ని టన్నులు అను మాట వినబడినప్పుడు ఒక ప్రశ్న అడుగక తప్పదు: ఆ సరకు ఏపాటి శుద్ధమైనది? నెయ్యి కొనువాడు తూకముతో తృప్తిపడడు. కల్తీ కలదేమోయని వాసన చూచును. ఉదజని విషయమున ఈ పరీక్ష మఱింత ముఖ్యము. ఏలనగా, నెయ్యిలోని కల్తీ రుచిని చెఱుచును. ఉదజనిలోని కల్తీ యంత్రమునే స్తంభింపజేయును.

ఆ కల్తీ యెచ్చటనుండి వచ్చునో చూతము. నేడు ప్రపంచమున తయారగు ఉదజనిలో అత్యధిక భాగము నీటిని విద్యుత్తుచే విడదీసి తీసినది కాదు; సహజవాయువునుండియు బొగ్గునుండియు వచ్చినది. సహజవాయువును నీటి ఆవిరితో కలిపి, మిక్కిలి వేడిమిలో నికెలు లోహముమీదుగా పంపినచో ఉదజనియు, దానితోపాటు కార్బన్ మోనాక్సైడను వాయువును పుట్టును. ఈ మోనాక్సైడును మరల ఆవిరితో కూర్చి, మొదట ఇనుమును, పిదప రాగియు గల ఉత్ప్రేరకములపై నడపి, బొగ్గుపులుసు వాయువుగా మార్చి, మఱికొంత ఉదజనిని రాబట్టుదురు. ఇంత చేసినను నూటికి అరపాలో, ఒక పాలో మోనాక్సైడు మిగిలియే యుండును.

ఒక్క పాలేకదా యని ఉపేక్షింపరాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించినవారు తెల్లవారుసరికి విగతజీవులగుట మనము వినుచున్నదే. అచ్చట హంతకుడు ఈ వాయువే. మన రక్తములోని ఇనుము ప్రాణవాయువును మోయుటకై యేర్పడినది; మోనాక్సైడు దానిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన ఆసక్తితో పట్టుకొని వదలదు. ఉదజనితో విద్యుత్తును పుట్టించు ఇంధనఘటమునందును ఇదే కథ. బస్సులలో వాడు ఘటము సుమారు 80 డిగ్రీల వేడిమిలో పనిచేయును. అందు ప్లాటినపు రజనుపై ఉదజని విడివడి విద్యుత్తు నిచ్చును. మోనాక్సైడు వచ్చి ఆ ప్లాటినమును కప్పివేసినచో ఉదజనికి కూర్చుండుటకు చోటుండదు. పదిలక్షల పాళ్లలో 10 పాళ్లున్నను ఘటపు శక్తి సన్నగిల్లును. వాహనముల ఉదజనికి అంతర్జాతీయ ప్రమాణము విధించిన హద్దు పదిలక్షలకు 0.2 పాలు, అనగా ఏబది లక్షలలో ఒక్కటి.

పెద్ద కర్మాగారములలో వాయువును ఒత్తిడికి లోనుచేసి, సూక్ష్మరంధ్రములు గల పదార్థములచే మలినములను పట్టించి ఈ శుద్ధిని సాధించుచున్నారు. కాని చిన్న యంత్రములకు అంతటి సరంజామా భారమగును. వానికి అనువైన మార్గము వేఱొకటి కలదు: వాయువులో ఒకింత ప్రాణవాయువును విడిచి, మోనాక్సైడును మాత్రమే కాల్చివేయుట. చెప్పుటకు సులభము. కాని ఒక పాలు మోనాక్సైడు చుట్టును ఏబది పాళ్లకు మించిన ఉదజని యున్నది, రెండును మండునవే. పొలములోని కలుపును నిప్పుతో కాల్చవలెను, ప్రక్కనున్న పైరు కందరాదు అనినట్లే యున్నది. ఉదజని కాలినచో ఇంధనము నష్టము. అంతేగాక ఆ మంటవలన వేడి పెరిగి, మఱింత ఉదజని కాలును.

కావున ఇచ్చట కావలసినది బలము గాదు, వివేకము. ఆ వివేకము చూపవలసినది ఉత్ప్రేరకమైన లోహము.

ప్లాటినము ఈ పనిలో పాతకాపు. 1823లోనే జర్మనీలో డొబెరైనరు ప్లాటినపు బెండుపైకి ఉదజనిని వదలగా, అది గాలిలో తనంతట మండెను. కాని 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూరు, మోనాక్సైడు ప్లాటినమును ఆక్రమించి ప్రాణవాయువును దరిజేరనీయదని నిరూపించెను. వేడి హెచ్చించినచో ఆ పట్టు సడలును. కాని ఆ వేడిలో ఉదజనియు మండిపోవును. ఫ్రాన్సు దేశీయుడైన సబాతియే బోధించిన సూత్రమొకటి యిచ్చట స్మరణీయము: మంచి ఉత్ప్రేరకము తన యొద్దకు వచ్చినదానిని మఱీ గట్టిగాను పట్టరాదు, మఱీ వదులుగాను పట్టరాదు.

1987లో జపానులో హరుతా యను శాస్త్రజ్ఞుడు ఒక వింతను ప్రకటించెను. ఏ రసాయనమునకును చలింపదని పేరొందిన బంగారమును అతిసూక్ష్మ కణములుగా చేసి, లోహముల ఆక్సైడులపై నిలిపినచో, మోనాక్సైడును మంచుకంటె చల్లని స్థితిలోనే కాల్చివేయును. లోహపు గుణము దాని జాతిలోనే గాక, దాని పరిమాణములోను, ఆసనములోను గూడ కలదని ఇందువలన తేలినది.

ఇక 2008 నాటి పని. అమెరికాలోని మేరీలాండ్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములకు చెందిన ఐక్‌హార్న్, మావ్రికాకిస్ బృందములు క్వాంటం సిద్ధాంతమునుబట్టి ముందుగా లెక్కవేసి, ఆ లెక్క చూపిన త్రోవలో ఒక కణమును నిర్మించినవి. లోపల రుథేనియము, దానిపైన ఒకటి రెండు పరమాణువుల మందమున ప్లాటినపు పొర. రుథేనియపు పరమాణువు కొంచెము చిన్నదగుటచే పైనున్న ప్లాటినము ఒదిగి కూర్చుండవలసివచ్చును. క్రింది లోహపు ప్రభావముచే దాని ఎలక్ట్రానుల స్థితియు మారును. అందుచే మోనాక్సైడుపై దాని పట్టు సడలును. అంతేగాక, ప్రాణవాయువు విడివడుటకు ఉదజనియే తోడ్పడునని వారి లెక్క తెలిపినది. పదిలక్షలకు 1,000 పాళ్ల మోనాక్సైడు గల ఉదజనిలో పరీక్షించిరి. మోనాక్సైడు తొలగి, ఉదజని పూర్తిగా మండ మొదలిడుటయే ప్లాటినము చెఱవిడిపోయినదనుటకు సాక్ష్యము. కేవల ప్లాటినమునకు అది 170 డిగ్రీలలో జరిగినది. రెండు లోహముల కణములను విడివిడిగా కలిపినప్పుడు 93 డిగ్రీలు, కరగి కలిసిన మిశ్రమమునకు 85 డిగ్రీలు కావలసివచ్చినవి. పొరగా పరచినప్పుడు 30 డిగ్రీలే చాలినవి. లోహములు అవియే, అమరిక మాత్రమే వేఱు!

2019లో చైనా శాస్త్రసాంకేతిక విశ్వవిద్యాలయము వారు ప్లాటినపు కణములపై ఇనుమును ఒక్కొక్క పరమాణువుగా నాటి, సున్నకు 75 డిగ్రీల దిగువనుండి 107 డిగ్రీల వరకు మోనాక్సైడును పూర్తిగా తొలగించిరి. ఆ ప్రాణవాయువులో ఉదజనికి పోయినది లేదు.

పూర్వము జర్మనీలో అమ్మోనియాకై ఉత్ప్రేరకమును వెదకినవారు వేలకొలది పరీక్షలు చేసిరి. అది చీకటిలో తడవి తలుపు కనుగొనుటవంటిది. నేడు దీపము కొంత వెలిగినది. కాగితముపై గణితము ముందు. మూసలో లోహము తరువాత. శాస్త్రసిద్ధాంతము పొట్ట నింపదని హేళనచేయువారికి ఇది తగిన సమాధానము.

ఒక ఆక్షేపణ రావచ్చును. నీటినుండి తీసిన హరిత ఉదజనిలో మోనాక్సైడే లేదుకదా, ఈ శ్రమ యేల యని. నిజము, అందు మోనాక్సైడు లేదు. కాని ప్రాణవాయువు కొంత, తేమ కొంత మిగులును; ఆ ప్రాణవాయువును తొలగించుటకును లోహ ఉత్ప్రేరకమే వాడుదురు. మఱియు ఊక, చొప్ప మొదలగు వానిని వాయువుగా మార్చి ఉదజనిని తీయదలచినచో మోనాక్సైడు వెంటనంటి వచ్చును. వ్యవసాయప్రధానమైన మన దేశమున ఆ మార్గమును త్రోసిపుచ్చజాలము.

వ్యయపు మాటయు విస్మరింపరాదు. ప్లాటినము, రుథేనియము రెండును ముఖ్యముగా దక్షిణాఫ్రికా గనులనుండి వచ్చునవి, రెండును అరుదైనవే. పొరగా పరచుటచే ప్లాటినము కొంత ఆదా యగును గాని, పరాధీనత తొలగదు. చౌకయైన మార్గముగా రాగిని సీరియపు ఆక్సైడుపై నిలిపి వాడవచ్చునని పరిశోధకులు చూపిరి. అయితే వాయువులోని తేమయు, బొగ్గుపులుసు వాయువును దాని చురుకును తగ్గించును. ఆ లోపమును తీర్చువాడు లోకమునకు మేలు చేసినవాడగును. సీరియము మోనజైటను ఖనిజములో నున్నది. ఆ మోనజైటు మన ఆంధ్ర సముద్రతీరపు ఇసుకలో నున్నది. ఇసుక మనదైనను దానిని ఉత్ప్రేరకముగా మార్చు విద్య మనది కానిచో, ఇసుకను చౌకగా నమ్మి, గుళికలను ప్రియముగా కొనవలసివచ్చును.

కావున ఉదజని కర్మాగారమును గూర్చి చదువునపుడు, అది యెన్ని టన్నులని మాత్రమే విచారింపక, దాని శుద్ధి యెంత, ఆ శుద్ధిని సాధించు ఉత్ప్రేరకము ఎవరి చేతిలో తయారైనది, ఎన్నాళ్లు మన్నునని గూడ విచారింపుడు. కళాశాలలలో చదువు మీ బిడ్డలు ఉత్ప్రేరకముల పాఠమును పరీక్షకై వల్లించి మఱచుచున్నారేమో కనుగొనుడు. ఆ పాఠములోనే పై ప్రశ్నలకు సమాధానమున్నది.