పుట్టింటోళ్లు ఎవరని అడిగినోళ్లకు

(కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో, పెండ్లి సభలో ఒక టీచరు మాట్లాడిన మాటలు)



పొద్దున ఒక పెద్దాయన గట్టిగానే అడిగినాడు, "అమ్మాయి తరపోళ్లు యాడున్నారు?" అని. సంఘం ఆడోళ్లు అందరూ అక్కడే నిలబడి ఉండారు. ఆయన అడిగింది వాళ్లను కాదు. అమ్మాయి నాయిన ఎవరని.

ఆమె తల్లి బసివి. ఆ తల్లిని అడిగే ఈ మాట మైకులో చెప్తాండాను. మన కళ్యాణదుర్గం, రాయదుర్గం, అవతల బళ్లారి పల్లెల్లో ఈ ఆచారం అందరికీ తెలుసు. మగబిడ్డ లేని ఇంట్లో కూతురికి దేవర పేరున తాళి కట్టించి, కొడుకు మాదిరి ఇంట్లోనే ఉంచుకుంటారు. జబ్బుకు మొక్కుకున్నామని ఒకరంటారు, కరువుకు మొక్కుకున్నామని ఇంకొకరంటారు. ఎక్కువమంది మాదిగ ఇండ్ల పిల్లలే. పెత్తందార్ల ఆడబిడ్డను ఆ దేవర అడగదు, అదేం దేవరో! మొగుడు దేవుడు, దేవునికి చావు లేదు, కాబట్టి ఈమె ఎప్పుడూ ముత్తైదువే అంటారు. ఊర్లో పెండ్లయితే శుభమని పిలుస్తారు. ఆమె బిడ్డ పెండ్లికి మాత్రం ఎవరూ రారు.

1988లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీలుగా ముడిపెట్టడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. అప్పటికే ముడిపడినోళ్లను ఇంటి మనుషులుగా చూడాల్సింది ఎవరు? మనమే గదా. బడిలో పేరు రాసుకునేటప్పుడు తండ్రి పేరు గడి కాడ కలం ఆగుతుంది. ఏండ్ల తరబడి ఆ రిజిస్టరు రాస్తాండేదాన్ని, నాకు తెలుసు. తల్లి తల దించుకుంటుంది. పిల్ల తల్లి ముఖంలోకి చూస్తుంది.

రోహిత్ వేముల సంగతీ ఇంతే. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం హాస్టళ్ల నుంచి గెంటేసిన ఐదుగురు పిల్లలు బయట డేరా వేసుకొని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లు ఒక తల్లి బిడ్డలు కాదు. చాప, దుప్పటి, అంబేడ్కర్ పటం మోసుకొని వచ్చి ఒకే చోట పడుకున్నారు. జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. ఆ పిల్లోడు పోయినాక తండ్రి కులం పట్టుకొని, దళితుడు అవునా కాదా అని లెక్కలు తీసినారు. పెంచింది తల్లి రాధికమ్మ. ఆమె చెప్పిన మాట లెక్కకు రాలేదు.

నాకు మొదట ఉద్యోగమొచ్చిన ఊర్లో అద్దెకు గది అడిగితే మూడిండ్లలో "మీరేమోళ్లు?" అన్నారు. చెప్పినాక "మా ఇంట్లో నీళ్లకు కష్టమమ్మా" అన్నారు. ఈ కరువుసీమలో ఆ సాకు ఎవరూ కాదనలేరు గదా! నాలుగో ఇల్లు ఒక దూదేకుల టైలరన్నది. ఆయన ఏమీ అడగలేదు. నా కాన్పప్పుడు ఆస్పత్రిలో రెండు రాత్రులు కూర్చున్నది ఆయన భార్యే. మా అమ్మ అప్పుడు బెంగుళూరులో కూలిపనిలో ఉండె.

నీళ్లంటే కారంచేడు చెప్పకుండా ఉండలేను. తాగే చెరువు కాడ బర్రెలను కడగొద్దన్నందుకు ఒక పిల్లోన్ని కొడుతుంటే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 1985 జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినారు. మిగిలినోళ్లు చీరాలకు పోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ ఉద్యోగం వదిలేసినాడు. కత్తి పద్మారావు వచ్చినాడు. వాళ్లిద్దరూ మాలలు, చచ్చిపోయినోళ్లు మాదిగలు. ఆ యేడే దళిత మహాసభ పుట్టింది. కారంచేడోళ్లు మళ్లీ ఆ ఊరికి పోలేదు. చీరాలలోనే కాలనీ కట్టించుకున్నారు. "వీళ్లు మీకు ఏమవుతారు?" అని ఆ పొద్దు అడిగుంటే ఏమని చెప్పేవాళ్లు?

ఇక్కడ పెండ్లికొడుకు మాల పిల్లోడు. వాళ్ల పెద్దలు కొందరు రాలేదు. వచ్చినోళ్లలో కొందరు బంతిలో వేరేగా కూర్చుంటామన్నారంట. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. ఆ లెక్క రిజర్వేషన్లకు. పెండ్లి బంతికి కాదప్పా. మనల్ని ఊరు వెలి వేస్తే కోపమొస్తుంది, మనం బసివి బిడ్డను వెలి వేస్తే ఆచారమంటాం!

ఈ అమ్మాయికి పండగకు చీర పెట్టేది, కాన్పుకు తీసుకొచ్చేది, మొగుడు చెయ్యెత్తితే పోయి అడిగేది సంఘమే. పిల్లోడా, నువ్వు కూడా విను. నీకు అత్తగారిండ్లు శానా ఉండాయి.

ఇంకో పని ఉంది. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చి, ముప్పై రోజులైనాక పోవాల. ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాల. ఒక సంతకం నాది. ఇంకో రెండు కావాల, ఒకటి మాలోళ్లది, ఒకటి మాదిగోళ్లది అయితే బాగుంటుంది. ఆధార్ కార్డులు ఉన్నోళ్లు భోజనాలైనాక నా కాడికి రాండి.