ధర్మజుని వెంట నడచిన శునకము



మహాభారతమున ఆదియందొక శునకము, తుదియందొక శునకము కనుపట్టుచున్నవి. ఆదిపర్వమున జనమేజయుని యజ్ఞవాటిక చెంతకు వచ్చిన కుక్కపిల్లను రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. దాని తల్లి సరమ రాజు నెదుటికే వచ్చి, తన బిడ్డ చేసిన తప్పేమని నిలదీసినది. తలంపని భయము నీకు కలుగునని పలికి మరలిపోయినది. అంతటి చక్రవర్తి ఆ మాటకు కలతపడి, శాంతి చేయించుటకు తగిన పురోహితుని వెదకికొనుచు తిరిగెను.

తుదిని, మహాప్రస్థానిక పర్వమున, హస్తినను వీడినవారు పాండవులయిదుగురు, ద్రౌపది, ఏడవదిగా ఒక కుక్క. దానినెవరును పిలువలేదు. దాని జాతి యేదని ఎవరును అడుగలేదు. ద్రౌపది మొదలు భీముని వరకు ఒక్కొక్కరే త్రోవలో కూలిపోగా, అది మాత్రము ధర్మజుని విడువలేదు. దేవేంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి రమ్మనెను. కుక్కలను సాకువారికి స్వర్గమున చోటు లేదనెను. నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని చెప్పి ధర్మజుడు రథమెక్కుటకు నిరాకరించెను. అటుపిమ్మట గాని ఆ శునకము ధర్మదేవతయని తెలియలేదు.

ఈ కథ తమకందరకు తెలిసినదే. ఇప్పుడు దీనిని తలచుటకు కారణమొకటి కలదు. ఇటీవల మన యిండ్లలో కుక్కను పెంచు ముచ్చట పెరిగినది, సంతోషమే. అయితే పలువురు దానిని అంగడి వస్తువువలె బేరమాడి కొనుచున్నారు. జాతి, రంగు, చెవుల పొడవు చూచుచున్నారే గాని, ఆ పిల్లను కన్న తల్లి ఎచట నున్నదని అడుగువారు అరుదు. కొన్నిచోట్ల ఆ తల్లి ఇరుకు బోనులో, ఒక ఈత వెంట మరియొక ఈతగా, పిల్లలను కనుటకే బ్రతుకుచున్నది. సభకు వచ్చి నిలదీయుటకు అది సరమ కాదు గదా! 2017లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము కుక్కపిల్లలను పుట్టించి అమ్మువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. కొనువారిలో ఈ రెండు మాటలు అడిగినవారెందరు?

మంచుదేశములలో బండ్లు లాగుటకు పెంచిన హస్కీలను తెచ్చి మన రోహిణికార్తె యెండలలో ఉంచుట చూచినప్పుడు మాకు నోట మాట రాదు. ముచ్చట తీరిన పిమ్మటి సంగతి మరింత బాధాకరము. పిల్ల పెద్దదగును, మొరుగును, జబ్బుపడును. అప్పుడు ఊరి వెలుపల గాని, ప్రసాదము దొరకునులే యని ఆలయవీథులలో గాని విడిచిపోవువారు కలరు. పులిహోరతో కుక్క బ్రతుకదు. లడ్డూలోని ఎండుద్రాక్ష దానికి విషము. ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట యటుంచుడు. అట్టి పనికి ధర్మజుడు పెట్టిన పేరు వింటిరి గదా.

ఇట్లు విడువబడినవియు, వీథులలో గాయపడినవియు చేరు ఆశ్రయములు కొన్ని కలవు. హైదరాబాదున 1992లో స్థాపింపబడిన బ్లూక్రాస్ అట్టిది. అదే పేరుగల సంస్థ చెన్నైలో 1959లోనే మొదలైనది. ఇట్టి చోట్ల సాధారణముగా కొన్ని ప్రశ్నలడుగుదురు. ఇంట చోటున్నదా? అందరును సమ్మతించిరా? ఊరికి పోయినప్పుడు ఎవరు చూతురు? పిల్లనిచ్చు ముందు పెద్దలడుగు ప్రశ్నలవంటివే యివి. అంగడిలో ఒక పిల్లను కొన్నచో అమ్మకందారు మరియొక ఈతకు సిద్ధపడును. ఆశ్రయమునుండి ఒకదానిని తెచ్చుకొన్నచో, ఖాళీయైన ఆ చోటున వీథిలో పడియున్న మరియొక ప్రాణికి తావు దొరకును.

కుక్క ఇంట నున్నచో మడి చెడునని పెద్దలు శంకించుచున్నారు. ఆ శంకను మేము తేలికగా త్రోసివేయము. దేవతార్చన గదికి, వంటయింటికి హద్దు పెట్టుకొనుడు. వసారాలో దానికొక మూల చాలును. అయితే ఆచారమును చెప్పిన శాస్త్రమే, వైశ్వదేవము చేసిన గృహస్థు శునకములకును బలియన్నము పెట్టవలెనన్నది. కాలభైరవునకు వాహనమది. దత్తాత్రేయస్వామి పటమున పాదములచెంత నున్న నాలుగు కుక్కలు నాలుగు వేదములని చెప్పుదురు.

ఒక హెచ్చరిక. ఈ మాటలు విన్న ఆవేశమున రేపే పోయి తెచ్చుకొనవలదు. కుక్క పది పండ్రెండేండ్లు బ్రతుకును. వేళకు రేబిస్ టీకా వేయించవలెను; సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినదో లేదో తెలిసికొనవలెను. అంత ఓపిక లేనివారు ఆశ్రయమునకు పాత దుప్పట్లో, బియ్యమో పంపినను మేలే. పోయినవారు మాత్రము ముద్దులొలుకు పిల్లల యొద్దనే ఆగక, ముసలిదానిని, కుంటిదానిని కూడ చూచి రండు. వానిని అడుగువారు తక్కువ. ఒకప్పుడు ఒక యింట పెరిగిన ప్రాణి గనుక, పెద్ద కుక్క పలుమారు త్వరగానే మాలిమియగును.