వేణువు మీద వేళ్లు



తొప్పూరు కనుమ ఎరగనివారు మన జిల్లాలో ఉండరు. ధర్మపురి నుంచి సేలం వెళ్లే లారీలు ఆ వంపుల్లో మెల్లగా దిగుతూ చేసే చప్పుడు రాత్రంతా వినబడుతూనే ఉంటుంది. ఆ కొండల నడుమ పారే తొప్పయ్యారు చిన్న ఏరు. అయినా అది మెట్టూరు దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆ కావేరి ఈరోడు, తిరుచ్చి, తిరువయ్యారు దాటి కుంభకోణం చేరుతుంది. అంటే, మన ఊరి వాన నీటికి కుంభకోణం దారి తెలుసు. ఈవేళ ఆ కుంభకోణంలో పుట్టిన ఒక యువకుణ్ణి తలుచుకుందాం. ఆయన పేరు శరభశాస్త్రి.

శరభశాస్త్రి 1872లో పుట్టారు. పసితనంలోనే చూపు పోయింది. 1904లో, 32 ఏళ్ల వయసుకే, కన్నుమూశారు. అంత కొద్దికాలంలోనే ఆయన చేసిన పనిని సంగీతలోకం నేటికీ మరువలేదు. వేణువును కచేరీ వేదిక మీద నడుమ కూర్చోబెట్టిన ఘనత ఆయనదే.

వేణువు మనకు కొత్తదేమీ కాదు గదా, కృష్ణుడి చేతిలోనే ఉంది గదా అని మీరు అనవచ్చు. నిజమే. కాని కర్ణాటక సంగీత కచేరీలో పెద్దపీట గాత్రానిది, వీణది. వేణువు భజనల్లోనో, నాట్యం వెనుకో తోడుగా ఉండేది. ఆ వెదురు ముక్క మీద ఒక రాగాన్ని ఆలాపనతో మొదలుపెట్టి, కీర్తన పాడినంత నిండుగా వినిపించవచ్చునని, జనం దానికోసమే వచ్చి కూర్చుంటారని నిరూపించినవారు శరభశాస్త్రి.

చూపులేని పిల్లవాడు ఇదంతా ఎలా నేర్చి ఉంటాడు? మన సంగీతం నేర్పే పద్ధతిని ఒకసారి గమనించండి. గురువు పాడతాడు, శిష్యుడు విని తిరిగి పాడతాడు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, అన్నీ చెవి నుంచి గొంతుకు వచ్చేవే. పుస్తకం ఉంటే మంచిదే, లేకపోయినా చదువు ఆగదు. ఇక వేణువు సంగతి చూడండి. దాన్ని పెదవికి ఆనించి పక్కకు పట్టుకుంటారు. వాయించేటప్పుడు రంధ్రాల మీద తన వేళ్లు ఎక్కడున్నాయో కళ్లున్నవాడికైనా సరిగా కనబడవు. వేలి కొస కొంచెం పక్కకు జరిగితే స్వరం జారుతుంది, ఊపిరి కొంచెం బిగిస్తే స్వరం లేస్తుంది. ఆ తేడా తెలుసుకోవలసింది చెవీ, వేలూ మాత్రమే. ఆ వాద్యం ముందు చూపున్నవాడూ, లేనివాడూ సమానులే.

అయితే చూపు లేకపోవడం కష్టమే కాదని నేను అనడం లేదు. గురువు ఇంటికి వెళ్లాలన్నా, వేదిక ఎక్కాలన్నా, కచేరీకి మరో ఊరు వెళ్లాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆ రోజుల్లో చూపులేనివారికి చదువు చాలా అరుదు. మన దేశభాషలన్నిటికీ ఒకే తీరు చుక్కల లిపి, భారతి బ్రెయిల్, 1951లో గాని కుదరలేదు. ఆ లిపికి మూలపురుషుడైన ఫ్రాన్సు దేశస్థుడు లూయీ బ్రెయిల్ కూడా చూపులేనివాడే, ఆయన కూడా చర్చిలో ఆర్గన్ వాయించిన సంగీతకారుడే.

ఇందులో మన తెలుగువారికి ఇంకొక సంతోషం ఉంది. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందారు. ఆ తర్వాత 25 ఏళ్లకే, అదే కావేరి ఒడ్డున, శరభశాస్త్రి పుట్టారు. ఆ గడ్డ మీద కచేరీ అంటే త్యాగరాజ కీర్తన లేకుండా జరగదు. వేణువుకు మాట లేదు, నిజమే. కాని మాట ఎక్కడ విరగాలో, ఏ అక్షరం మీద ఊపిరి నిలవాలో తెలియనివాడు కీర్తనను వాయించలేడు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

శరభశాస్త్రి తన విద్యను తనతోనే ఉంచుకోలేదు. పల్లడం సంజీవరావు ఆయన శిష్యులు. గురువు పోయేనాటికి శిష్యుడికి 22 ఏళ్లు. ఆ శిష్యుడికి 1943లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. గురువు లేకుండా పోయి అప్పటికి 39 ఏళ్లు. తాను చూడలేని లోకానికి తాను ఎరిగిన నాదాన్ని ఇచ్చి వెళ్లాడు గురువు. మంచి మనసుకు ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

కావేరి వైపు చూశాం గనక, మన రోడ్డుకు రెండో కొస అయిన బెంగుళూరు వైపు కూడా చూద్దాం. 1893లో అక్కడ పుట్టినవారే ద్వారం వెంకటస్వామినాయుడుగారు. చూపు సరిగా ఆనక ఆయన బడిచదువు సాగలేదు. ఇంట్లో అన్నగారు ఫిడేలు నేర్పారు. 1919లో, 26 ఏళ్లకే, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులయ్యారు. బడి ఆగిన చోట అన్నగారు ఆగలేదు. ఆ ఒక్కటే తేడా.

శ్రోతలారా, మన ఊళ్లలో కూడా ఇలాంటి పిల్లలు ఉన్నారు. చుట్టాలు వస్తే లోపలి గదిలో కూర్చోబెట్టే పిల్లలు, ఎదురుగానే 'పాపం' అనిపించుకునే పిల్లలు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గరలోని బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే. ఆ హక్కును అడిగి తీసుకోండి. దానితోపాటు ఇంట్లో మనం చేయదగ్గది ఇంకొకటి ఉంది. ఆ బిడ్డ దేనికి చెవి ఒగ్గుతున్నాడో, వేళ్లు దేనికోసం వెతుక్కుంటున్నాయో గమనించండి. రేడియోలో పాట వస్తుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక వెదురు పిల్లనగ్రోవి కొని చేతికివ్వండి. వాడు విద్వాంసుడు కాకపోతే పోనీయండి, వాడి సాయంకాలం వాడిది అవుతుంది.

శరభశాస్త్రి వేణువు మనం వినలేదు. కాని ఈసారి రేడియోలో వేణుగానం వినబడినప్పుడు, దానికి వేదిక మీద చోటు సంపాదించిపెట్టిన ఆ కుంభకోణం యువకుణ్ణి ఒక్క క్షణం తలుచుకోండి.