బిళ్ళ చేతికిచ్చిన తర్వాత

  మీలో కొందరు నర్సింగ్, కొందరు ల్యాబ్, కొందరు ప్రజారోగ్యం, ఆరోగ్య విద్య చదివారు. ఏ పట్టా అందుకున్నా మీలో చాలామంది పనిచేయబోయేది ఖమ్మం దాటి కొత్తగూడెం, భద్రాచలం, ఆపైన దుమ్ముగూడెం, చర్ల దాకా సాగే ఈ అడవి అంచు ఊళ్లలోనే. అందుకే ఒక్క మాట మీద నిలబడి మాట్లాడతాను. రోగికి అర్థమయ్యేలా చెప్పడం కూడా వైద్యమే. దాన్ని మనం వైద్యంలాగా నేర్పడం లేదు, నేర్చుకోవడం లేదు, దాని ఫలితాన్ని కొలవడం లేదు.

మలేరియానే తీసుకోండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. అప్పటినుంచి విజ్ఞానం ఎంతో నడిచింది. ఇవాళ వేలి చివర రక్తపు చుక్క తీసి పావుగంటలో ఆ జ్వరం మలేరియానో కాదో తేల్చే కిట్ ఆశా కార్యకర్త సంచిలోనే ఉంటోంది. మందూ ఉంది. అయినా వైవాక్స్ రకం మలేరియా ఒకసారి వచ్చిన ఒంటికే మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది? క్లోరోక్విన్ 3 రోజులు వేస్తే జ్వరం దిగిపోతుంది. కాని కాలేయంలో నిద్రపోతున్న క్రిమి చావాలంటే ప్రైమాక్విన్ 14 రోజులు వెయ్యాలి. నాలుగో రోజుకు ఒళ్లు తేలికపడిన మనిషికి మిగతా పది రోజులూ బిళ్ళ ఎందుకు మింగాలో తెలియాలి. పరగడుపున వేయకూడదని తెలియాలి. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి రావాలని తెలియాలి. ఇవేవీ చీటీ మీద రాసిస్తే తెలిసేవి కావు. పైగా ఆ పద్నాలుగు రోజులూ ఆ మనిషి ఒక్కచోటే ఉండడు. జనవరి దాటితే మిరప కోతలకు రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి కూలీలు వస్తారు. ఎండలు ముదిరితే తునికాకు కోతలు. వానలు పడితే పోడు చేను దగ్గరే కాపురం. కాబట్టి అక్కడ ఆరోగ్య విద్య ఉపన్యాసంతో మొదలు కాదు, “పదో రోజున నువ్వు ఎక్కడుంటావు?” అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్న అడగనివాళ్లు మందు ఇచ్చినట్టే గాని వైద్యం చేసినట్టు కాదు.

బోదకాలుదీ ఇదే కథ. బోదకాలు క్రిమిని అదుపుచేసే డీఈసీ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలికితెచ్చిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. దేశంలో బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఇంటింటికీ ఆ బిళ్ళలు పంచుతూనే ఉన్నారు. కాలు వాయని మనిషి ఆ బిళ్ళ ఎందుకు మింగాలో చెప్పకుండా చేతిలో పెట్టి వెళ్లిపోతే అది ఇంటి చూరులోకి చేరుతుంది. ఎదురుగా నిలబడి మింగించమని నియమం పెట్టింది ఇందుకే. కాని నమ్మకం లేనిచోట ఆ నియమం కూడా గట్టెక్కించదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, బలమైనదే. రోడ్డు లేదు, డాక్టర్ లేడు, అంబులెన్స్ వాగు అవతలే ఆగిపోతుంది, అలాంటిచోట మాటలు ఏ ప్రాణం కాపాడతాయని అడుగుతారు. రోడ్డూ కావాలి, డాక్టరూ కావాలి. వాటికి బదులుగా ఆరోగ్య విద్యను చూపించేవాళ్లను నమ్మొద్దు. కాని మాటలు ప్రాణాలు కాపాడవన్నది మాత్రం నిజం కాదు. జార్ఖండ్, ఒడిశాల్లో మన ఏజెన్సీ లాంటి ఆదివాసీ గ్రామాల్లోనే ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఏక్‌జుట్ సంస్థ నెలకోసారి ఆడవాళ్లను కూర్చోబెట్టి బొమ్మలతో, కథలతో తల్లీబిడ్డల సమస్యలు వాళ్లచేతే చెప్పించి, దారులు వాళ్లచేతే వెతికించింది. 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ సమావేశాలు జరగని ఊళ్లతో పోలిస్తే మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా ఉన్నాయి. ఆస్పత్రి కాన్పులు పెద్దగా పెరగకుండానే, ఇంట్లో కాన్పు చేసే తీరు, శుభ్రత మారినందువల్లే చాలావరకు ఇది సాధ్యమైంది. ప్రాణహితకు అవతలి ఒడ్డున గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి పసికందుల మరణాలను 62 శాతం తగ్గించారని అదే పత్రిక 1999లో ప్రకటించింది. అక్కడ పసికందులకు సూదిమందు కూడా ఇచ్చారు కదా అంటారు, ఇచ్చారు. బాలింత గదిలోకి పరాయి మనిషిని రానిస్తేనే ఆ సూది లోపలికి వెళ్లింది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు రోగుల బంధువులచేతే తాగించారు. మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగాయి. ఆ నీళ్లు తెలిసి యాభై ఏళ్లు కావస్తున్నా, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది వందకు అరవై మందికేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ మిగిలిన నలభై మంది పిల్లల తల్లుల్లో ఎందరికి ఎవరైనా కూర్చుని విడమరిచి చెప్పి ఉంటారు?

రెండో ఆక్షేపణ వింటే నాకు కోపమొస్తుంది. “ఎంత చెప్పినా అడవిలోవాళ్లు వినరు” అంటారు. చదువుకున్నవాళ్లు వింటున్నారా? అదే సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. ముహూర్తం పెట్టించుకుని కోత కోయించుకునేది గుత్తికోయ గూడేల్లో కాదు, పట్నాల్లో. ఇక గూడెంలో జనం మొదట నాటువైద్యం చేసే వడ్డె దగ్గరికో, ఆర్‌ఎంపీ దగ్గరికో ఎందుకు వెళ్తారో ఆలోచించండి. ఆర్‌ఎంపీ ఎక్కించే గ్లూకోజు చాలాసార్లు అనవసరం, కొన్నిసార్లు ప్రమాదం కూడా. కాని ఆయన పిలిస్తే ఇంటికొస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, చెప్పింది వింటాడు, కసురుకోడు. వడ్డె వాళ్ల భాషలోనే మాట్లాడతాడు. మనం ఇవ్వనిది వాళ్లు ఇస్తున్నారు. వినడం లేదన్న నింద ముందు మన మీద వేసుకోవాలి.

బిడ్డలారా, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి ఒకటుంది. కాస్త గట్టిగానే చెబుతాను, నొచ్చుకోకండి. ఫ్లెక్సీ కట్టి, పదిమందిని చెట్టుకింద కూర్చోబెట్టి, చేతులు కడుక్కోవడం మీద ఇరవై నిమిషాలు పుస్తకాల తెలుగులో చదివి, ఫొటో దిగి, “అవగాహన సదస్సు నిర్వహించడమైనది” అని నివేదిక పంపేస్తున్నారు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు మాట్లాడేది కోయ. ఆ గూడెంలో బోరు చెడిపోయి ఎన్నాళ్లయిందో అడిగినవాళ్లు లేరు. నీళ్లే లేనిచోట చేతులు కడుక్కోమని చెప్పడం వాళ్లను అవమానించడమే. ఇలాంటి పని మీరు చెయ్యకండి. చెయ్యమన్నా చెయ్యకండి! మీలో చాలామంది పట్టాల మీద ఉండే విశ్వవిద్యాలయం పేరు కాళోజీ నారాయణరావుది. జనం నోట పలికే భాషకే విలువ దక్కాలని జీవితమంతా వాదించిన కవి పేరు మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పట్టా పట్టుకుని గూడేనికి వెళ్లి నాలుగు కోయ మాటలు రాకుండా తిరిగి వస్తే ఎలా? అధికారులకూ ఒక మనవి. ఎన్ని సదస్సులు పెట్టారని అడగడం మానెయ్యండి. ప్రైమాక్విన్ మొదలుపెట్టినవాళ్లలో 14 రోజులూ పూర్తిచేసినవాళ్లు ఎందరో అడగండి. వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ జబ్బుకు పరీక్ష చేసి రంగు కార్డు ఇచ్చిన యువతీయువకుల్లో, ఆ కార్డు పెళ్లి విషయంలో ఏం చెబుతోందో తెలిసినవాళ్లు ఎందరో అడగండి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం గెలుపోటములు తేలేది అక్కడే.

ఉద్యోగాల సంగతి దాటవేయను. ఎంబీబీఎస్ సీటు రాక ఈ చదువులోకి వచ్చామని మీలో కొందరు ఇంకా చిన్నబుచ్చుకుంటున్నారు. ఆ ఆలోచన తీసేయండి. ఇంటర్ ఒకేషనల్‌లో ఆరోగ్య కార్యకర్తల కోర్సు ఎంపీహెచ్‌డబ్ల్యూతో మొదలై, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ మీదుగా ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ దాకా దారి ఉంది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పల్లె దవాఖానాలు వచ్చాయి. అయితే పోస్టుల భర్తీ నెమ్మది, కాంట్రాక్టు జీతాలు తక్కువ, ఊరిని మోస్తున్న ఆశా కార్యకర్తకు ఇప్పటికీ దక్కేది పారితోషికమే. సరైన జీతం అడగండి, సంఘం కట్టి అడగండి. త్యాగం చెయ్యమని మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు.

నేను అడిగేది ఒక ఏడాది. చర్లలోనో దుమ్ముగూడెంలోనో పోస్టింగ్ వస్తే మార్పించుకోవడానికి తిరగకండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద వచ్చాక నిండు చూలాలిని దాటించడం ఎవరి తరమూ కాదు, వాన పట్టకముందే ఆమెను ఆస్పత్రి దగ్గరికి చేర్చాలి. ఇంట్లో పిల్లలను, మేకలను, విత్తాల్సిన చేనును వదిలి పదిహేను రోజుల ముందే ఆమె బయల్దేరాలంటే, ఆమెకూ ఆమె అత్తకూ నమ్మకమైన మనిషి ఒకరు ముందే ఆ ఊరివాళ్లలో కలిసిపోయి ఉండాలి. వచ్చే వానాకాలానికి ఆ మనిషి మీరవ్వండి.