ఆటసామాను బీరువా తాళం ఎవరి దగ్గర?

ఉపాధ్యాయ శిక్షణ పట్టాలు అందుకున్న మీకు నా అభినందనలు. ఇక అసలు సంగతికి వస్తాను.

మీలో చాలామంది డీఎస్సీ రాసి ఎస్‌జీటీలుగా ప్రాథమిక బడులకు వెళ్తారు. అక్కడ వ్యాయామం నేర్పే పీఈటీ ఉండరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, తరగతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలంది. వ్యాయామం నేర్పే మనిషి ఊసు మాత్రం ఆరో తరగతి నుంచే ఎత్తింది. అదీ పిల్లలు వందకు మించితేనే, అదీ పార్ట్‌టైమ్‌గానే. మరి ఒకటి నుంచి అయిదు దాకా పిల్లల్ని ఆడించేది ఎవరు? అక్షరాలు దిద్దించే మీరే, ఎక్కాలు చెప్పించే మీరే. ఆ పని మీ నియామకపత్రంలో విడిగా రాసి ఉండదు. అందుకే అందరూ హాయిగా మరిచిపోతారు.

నా ఉద్యోగమంతా ఉద్దానం తీరం బడుల్లోనే గడిచింది. ఎక్కువకాలం ఏకోపాధ్యాయుణ్ని. ఒకసారి బదిలీ మీద ఒక బడికి వెళ్లాను, ఊరి పేరు ఎందుకులెండి. గదిలో ఇనప బీరువా ఉంది. తాళం తీయించి చూస్తే కవరు విప్పని బంతులు, ముడి విప్పని స్కిప్పింగ్ తాళ్లు. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏటా అయిదు వేల రూపాయల దాకా ఆటసామానుకు వస్తుంది. అలా వచ్చినవే అవి. ఎందుకు దాచారని అంతకుముందున్న మేస్టారిని అడిగితే, "బంతి పగిలితే స్టాకు రిజిస్టరులో ఏం రాయమంటారండీ? ఆడిటుకి ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. ఆడితే పగిలిందని రాయండి బాబూ! అసలు ఆడిటువాళ్లు నిలదీయాల్సింది పదేళ్లయినా పగలని బంతి గురించి.

వెనక వరసలో ఫోన్ చూస్తున్న నాయనా, నీతోనే మాట్లాడుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని చెప్పింది. ఊపిరి వేగం పెరిగేలా కదలాలి. ఈ మాట చెబితే ఓ తండ్రి నాతో, "గుంటడు ఇంటికాడ ఆడుతూనే ఉన్నాడండి మేస్టారూ, బడికి కూడా ఆటలకే పంపాలేటండి?" అన్నాడు. "ఇంటికాడ ఏటాడుతున్నాడయ్యా?" అన్నాను. "సెల్లులో కిరికిట్టండి" అన్నాడు.

ఆ తండ్రి మీద నాకు కోపం లేదు. నా కోపమంతా మన మీదే, మేస్టర్ల మీదే. టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది. పరీక్షలొస్తే దాన్ని లెక్కలు మింగుతాయి, ఇన్‌స్పెక్షనొస్తే రికార్డులు మింగుతాయి. హోంవర్కు చేయని గుంటడికి మొదటి శిక్ష ఏమిటి? ఆటకు పోనివ్వకపోవడం! తప్పు చేశాడని వాడికి అన్నం మానిపిస్తారా? మరి ఆటెందుకు మానిపిస్తారు? చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నవాణ్ని బుద్ధిమంతుడంటాం. ఏడేళ్ల పిల్లవాడు గంటసేపు కదలకుండా కూర్చుంటే మురిసిపోకండి తల్లీ, ఒంట్లో బాగుందో లేదో చూడండి.

ఆడించేవాళ్లు కూడా కొంచెం ఆలోచించి ఆడించాలి. కుర్చీలాట పెడతారు. ముందు ఔటయ్యేది ఎవరు? బొద్దుగా ఉన్న పిల్ల, మెల్లగా పరిగెత్తే పిల్లవాడు. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లే గట్టెక్కి కూర్చుంటారు. ఔటైనవాళ్లు మళ్లీ లోపలికి వచ్చే ఆటలు చూసుకోండి. ఏడుపెంకులాట, తాడాట, తొక్కుడుబిళ్ల ఉండనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ఒక్కరే అయిదు తరగతులూ చూసే బడిలో అయిదో తరగతి పిల్లల చేత ఒకటో తరగతికి నేర్పించండి. 60 నిమిషాలూ ఒకేసారి దొరకవు. ప్రార్థనకు ముందు కొంత, ఇంటర్వెల్లో కొంత, ఎండ తగ్గాక ఆఖరి పీరియడ్లో మిగతాది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. తోటలు పోయాయి, కరెంటు పోయింది. మా బడి ఆవరణంతా కూలిన కొబ్బరిచెట్లు. బడి తెరిచాక ఏ పాఠం చెప్పినా పిల్లల చెవికెక్కలేదు. పుస్తకాలు మూయించి, పడిన మానుల మీద నడక పందెం పెట్టాను. మర్నాడు పిలవకుండానే వచ్చారు. వాళ్లు మళ్లీ నవ్వాకే పాఠం మొదలైంది.

మన నేలకు ఆట కొత్తదేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామం నేర్పిన పంతులు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్టేడియాలకు పేర్లు పెడతాం, విగ్రహాలకు దండలేస్తాం, పిల్లల ఆటల పీరియడ్ మాత్రం లాక్కుంటాం. మీ తరగతిలో మల్లీశ్వరిని వెతకమనడం లేదు. ఏ జట్టూ పిలవని గుంటని పిలవండి చాలు.

ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు మాట ఎత్తకుండా దిగిపోతే అది ప్రసంగమే కాదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్లు వచ్చాయి. జబ్బుకు కారణం ఇదీ అని మాత్రం ఇంకా తేలలేదు. కాబట్టి ఆడితే రాదనీ, నీళ్లు తాగితే రాదనీ పిల్లలకు చెప్పకండి. తాతకో నాన్నకో డయాలసిస్ జరుగుతున్న ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు అబద్ధం ఇట్టే తెలుస్తుంది. అయినా ఎండలో ఆడే పిల్లలు నీళ్లు తాగాల్సిందే. కేరళ బడుల్లో 2019లో నీళ్ల కోసం గంట కొట్టడం మొదలుపెట్టారు. మీరూ కొట్టండి. అంతకన్నా ముందు మరుగుదొడ్డి తలుపుకు గెడ ఉందో లేదో చూడండి. గెడ లేని బడిలో ఆడపిల్ల సాయంత్రం దాకా సీసా మూత తియ్యదు.

తిండి సంగతి ఒక్క ముక్క. ఊరంతా జీడిపప్పు ఒలుస్తుంది, పిల్లల జేబులో మాత్రం అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్. జీడిపప్పు కొనిపెట్టమని నేను చెప్పలేను, ఒలిచే తల్లులకే దాని ధర తెలుసు. బడిలో ఇచ్చే గుడ్డూ రాగిజావా ఉన్నాయి కదా, పిల్లల పక్కన కూర్చుని మీరూ తినండి, తాగండి. మేస్టారు మొహం చిట్లిస్తే గుంటలు గ్లాసు ముట్టరు.

ఆఖరుగా, నీడన కుర్చీ వేసుకుని ఈల ఊదితే ఆడించడం కాదు. కొంగు దోపుకోండి, ప్యాంటు మడుచుకోండి, వాళ్లతో పరిగెత్తండి. ఔటైతే గొడవపడకుండా ఒప్పుకోండి. "మేస్టారు ఔటు!" అని గొంతు చించుకుని అరిచే అవకాశం ప్రతి పిల్లకీ పిల్లాడికీ దక్కాలి. వెళ్లి ఓడిపోయి రండి. సెలవు.